వేలి కొస నుంచి మొదటి గీత దాకా

ఇది చేతుల దురద గురించి. గుండె ఆపరేషన్ల గురించి, కిడ్నీల గురించి జనం రాస్తూ ఉండగా దురద గురించి రాయడం కొంచెం మొహమాటంగానే ఉంది. దీంతో ఎవరూ చావరని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఆవిడ ఆ మాట చెప్పే సమయానికి చావు తప్ప మిగతావన్నీ జరిగేలా ఉన్నాయి కాబట్టి నాకది పెద్ద ఓదార్పుగా అనిపించలేదు.

ఇప్పుడు చేతులు బాగున్నాయి. బాగా లేనప్పుడు కలం పట్టుకోవడం కుదరలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మన ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి ఈ గల్ఫ్‌కి వస్తూనే ఉన్నారు. సెలవుకు వెళ్ళొచ్చినవాళ్ళు చర్మానికి రాసే ట్యూబులు తెస్తూనే ఉన్నారు. ఎవరైనా ఒక్కరు ఇది చదివి, మూత తిప్పే ముందు ఆగితే చాలు.

నాది రాజమండ్రి దగ్గర ఊరు. బి.ఎ. ఎకనామిక్స్, సెకండ్ క్లాసు. బహ్రెయిన్‌లో ఈ సంగతి చాలాకాలం మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పంపించిన ఏజెంటే చెప్పాడు: "చదువుకున్నానని మాత్రం అనకమ్మా. ఇంట్లో ఉన్న కాయితాలు చదివేస్తావని భయపడతారు." అంచేత నేను ఐదో తరగతి అయ్యాను. ఇంగ్లీషు ముక్క రాదు. కాలేజీ నాటకాల్లో నాకు ఎప్పుడూ చెట్టు వేషమే ఇచ్చేవారు. ఆ అనుభవం ఇక్కడ పనికొచ్చింది.

నేను పనిచేసే ఇల్లు సనాబిస్‌లో. ఇక్కడి పనివాళ్ళందరిలాగే నేనూ ఇంటావిడను మామా అని, ఆయనను బాబా అని పిలుస్తాను. నా పేరు పద్మ. అరబీలో 'ప' లేదు కాబట్టి వాళ్ళకు బద్మాని. మా ఆయన సూరిబాబు సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో హెల్పరు, కంపెనీ క్యాంపులో ఉంటాడు. శుక్రవారం మధ్యాహ్నం నాకు రెండు గంటలు వదులుతారు. ఆయన బస్సెక్కి వస్తాడు. మా వీధి మలుపులో ఉన్న కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుంటాం. పెళ్ళయి ఐదేళ్ళయితే అందులో మూడేళ్ళు చెరొక దేశంలో ఉన్నాం. ఇప్పుడు వారానికి రెండు గంటల కాపురం. ఎవరైనా చిన్నదనుకుంటారేమో గానీ, నన్ను ఇంటికి పంపేస్తే అదీ ఉండదు. ఈ కథలో పోయేదేదైనా ఉంటే అదే.

1995 నవంబరు

ఆ అక్టోబరులో మామాకు ఆడపిల్ల పుట్టింది. నూరా అని పెట్టారు. పాప పుట్టాక ఇంట్లో శుభ్రత పెరిగింది. పాలసీసాలు మరిగించడం, గుడ్డలు విడిగా ఉతకడం, పాప పాకబోయే నేలను (ఇంకా ఆరు నెలలు పాకదు) రోజుకు రెండుసార్లు బ్లీచు నీళ్ళతో తుడవడం. మూడో వారానికి నా వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. చిన్న చిన్న నీటి పొక్కులు. గోకితే హాయి, గోకాక మంట. తర్వాత వేళ్ళ వెనక భాగమంతా ఎర్రబడి గరుకెక్కింది. కొబ్బరినూనె రాశాను. చేతులు ఘుమఘుమలాడాయి, దురద మాత్రం అలాగే ఉంది.

మొదట చూసింది యూసుఫ్ భాయ్. ఆ ఇంటి డ్రైవరు, జగిత్యాల మనిషి.

"అక్కా, చేతులకేమైంది?"

"మెహందీ పెట్టుకుందామని మొదలుపెట్టి మధ్యలో మానేశాను భాయ్."

"మజాక్ జెయ్యకు. నీకు ముందున్న సిలోన్ పిల్లకు గిట్లనే అయింది. గజ్జి అని పంపిన్రు. నేనే ఎయిర్‌పోర్టుల దింపొచ్చిన."

"నిజంగా గజ్జేనా?"

"ఎవలకెరుక. డాక్టరుకు జూపియ్యలే. మామా జూసింది, ఖలాస్."

అప్పటి నుంచి చేతులు చీరకొంగులో, ఆప్రాన్ జేబులో, పిండిలో, ఎక్కడ వీలైతే అక్కడ దాచాను. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. హెల్త్ సెంటర్‌కి వెళ్ళాలంటే నా గుర్తింపు కార్డు కావాలి. అది మామా బీరువాలో ఉంటుంది. కార్డు అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే సిలోన్ పిల్ల దారే.

డిసెంబరు, జనవరి

యూసుఫ్ భాయ్ సెలవుకు వెళ్ళి డిసెంబరు మొదట్లో తిరిగొచ్చాడు. గల్ఫ్‌కి తిరిగొచ్చే ఎవరి పెట్టె విప్పినా పచ్చడి, కారప్పొడి, నాలుగైదు ట్యూబులు ఉంటాయి. ఇక్కడి డాక్టర్ల మందు పలచనిదని, ఊరి మందే మందని అందరి నమ్మకం. ఒక ట్యూబు ఒక గదికి ఉమ్మడి ఆస్తి. తామరకు అదే, చెమటకాయలకు అదే, షేవింగు గాట్లకు అదే. భాయ్ నాకోసం విడిగా ఒకటి తెచ్చాడు, పాపం.

"గిది రాయి అక్కా. మూడు దినాల్ల సాఫ్. మా చెల్లె పెండ్లికి ముందు మొఖానికి గూడ రాసింది. పాల లెక్క తెల్లగైంది. దుబాయి వచ్చేటోళ్ళందరు గిదే తెచ్చుకుంటరు."

ట్యూబు మీద మూడు మందుల పేర్లు ఉన్నాయి. ఒక జబ్బుకు మూడు మందులెందుకని నాకు అనుమానం రాలేదు. ఒకదాని ధరకు మూడు వస్తున్నాయని తోచింది. ఎకనామిక్స్ చదివిన ఫలితం. అడుగున చిన్న అక్షరాల్లో, డాక్టరు చెప్పనిదే వాడవద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. నేను ఇంగ్లీషు రానట్టు నటిస్తున్న రోజులు కదా, ఆ వాక్యం దగ్గర కూడా నటించాను.

మూడో రోజుకు చేతులు నిజంగానే నున్నబడ్డాయి. దురద లేదు, ఎరుపు లేదు. శుక్రవారం అరుగు మీద మా ఆయనకు చేతులు రెండూ చాచి చూపించాను.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత బాలేవే," అన్నాడు.

"పెళ్ళిచూపుల్లో మీరు పకోడీలు చూశారు."

రాయడం మానేశాను. నాలుగు రోజులకు దురద తిరిగొచ్చింది, వస్తూ తోడుగా మరికొంత తెచ్చుకుంది. మళ్ళీ రాశాను. తగ్గింది. మానితే వచ్చింది. ఈసారి రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు, తెల్లగా కనిపించేంత మందంగా రాశాను. రాత్రి రాసి పైన ప్లాస్టిక్ సంచి కట్టుకుంటే బాగా ఇంకుతుందని సొంత తెలివి ఒకటి. మూతి పక్కన కొంచెం దురదగా ఉంటే అక్కడా రాశాను. రంగు తేలుతోందనిపించి బుగ్గలకూ రాశాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

జనవరి చివరికి రెండో ట్యూబు సగమైంది. చేతుల వెనక చర్మం ఉల్లిపొరలా మెరుస్తూ, లోపలి నరాలు చూపిస్తూ ఉండేది. అక్కడక్కడా తెల్లటి మచ్చలు. సీసా మూత బిగిస్తే వేలి కణుపు మీద చర్మం చిట్లేది. బుగ్గల మీద ఎర్రటి చిన్న కురుపులు, పొయ్యి దగ్గర నిలబడితే మొహమంతా మంట. దీన్నంతా దాచడానికి పసుపుపచ్చ రబ్బరు గ్లోవ్స్ వేసుకున్నాను. లోపల చెమట పట్టి చేతులు ఉడికేవి. బయట నుంచి చూస్తే మాత్రం చాలా శుభ్రమైన మనిషిని.

అప్పటికే రంజాన్ వచ్చింది. ఆ నెలలో సాయంత్రం ఉపవాసం విప్పే వేళకు ఇంట్లో గిన్నెలు ఎన్ని పడతాయో వేరే చెప్పనక్కర్లేదు. నిమ్మకాయలు పిండే పని నాదే. ఒక్కో కాయ పిండేటప్పుడు ఇంటి దేవుళ్ళందరినీ వరుసగా తలచుకునేదాన్ని. నిమ్మకాయలు ఎక్కువ, దేవుళ్ళు తక్కువ.

రంజాన్ మూడో వారం

ఒక మధ్యాహ్నం మామా పాపను ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. పాప ఎడమ బుగ్గ ఎర్రగా ఉంది.

"బద్మా, శినూ హాదా?" అంది. ఇదేమిటని. తర్వాత ఆమె చూపు పాప బుగ్గ మీద నుంచి నా గ్లోవ్స్ మీదికి దిగింది. "తియ్యి."

తీశాను. కుడిచేతి గ్లోవ్‌తో పాటు కొంచెం చర్మం కూడా వచ్చింది. మామా ఒక అడుగు వెనక్కి వేసింది, పాపను రెండో భుజానికి మార్చుకుంది. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఒక్క అడుగే జరిగింది. నా కంగారు చేతుల గురించి కూడా కాదు. పొద్దున పాపకు మూతి తుడిచాను. తుడిచే ముందు ట్యూబు రాసుకున్నానా, తర్వాతా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పక్క గదిలో వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాకూడదనుకున్న మాటలన్నీ వాళ్ళు ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు.

"పనిమనుషుల్ని పంపే ఆఫీసుకు ఫోన్ చెయ్యి. ఈద్‌కి ముందే పంపేద్దాం," అన్నాడు బాబా.

"ముందు డాక్టరు చూడనీ. ఆ సిలోన్ అమ్మాయి విషయంలో తొందరపడ్డామేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది."

"పాప బుగ్గ చూశావా?"

నేను వెల్లుల్లి ఒలుస్తూ, ఏమీ అర్థం కాని మొహంతో నిలబడ్డాను. చెట్టు వేషం అంత కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు పొద్దున మామా బీరువా తెరిచి నా కార్డు తీసింది. కారులో వెనక సీట్లో ఆమె, పాప. ముందు నేను, యూసుఫ్ భాయ్. భాయ్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా తెలుగులో మొదలుపెట్టాడు. మామాకు ఆ భాష రాదు.

"అక్కా, ట్యూబు మాట ఎత్తకు. నా పేరు బయటికొస్తే నా నౌకరి గూడ పోతది. నీ కాళ్ళు మొక్కుత."

"మీరు స్టీరింగ్ వదిలి మొక్కొద్దు భాయ్. చెప్పను."

"ఒట్టా?"

"మీ పేరు చెప్పను."

వెనక నుంచి మామా, ఏం మాట్లాడుతున్నారని అడిగింది. ట్రాఫిక్ గురించి అన్నాడు భాయ్. రోడ్డు మీద మా కారు ఒక్కటే ఉంది.

హెల్త్ సెంటర్‌లో ఆడవాళ్ళ గది. అందరూ ఉపవాసం మీద ఉన్నారు, ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. మామా నాకూ తనకూ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోబోయిన ముసలావిడ నా చేతులు చూసి నిలబడే ఉంది. మా నంబరు నలభై ఒకటి, లోపల ఇరవై ఆరు నడుస్తోంది. గోడ గడియారం కింద కూర్చుని, గోకకుండా ఎన్ని నిమిషాలు ఉండగలనో లెక్క పెట్టాను. నాలుగు. గొంతు ఎండిపోయింది, అందరి ముందు నీళ్ళు తాగలేను. అటుగా వెళుతున్న మలయాళీ నర్సు ఒకామె నన్ను చూసి ఆగి, బరువు చూడాలని లోపలికి పిలిచింది. తెర వెనక కాగితం కప్పుతో నీళ్ళిచ్చి, "కుడిక్కూ," అంది. తాగమని. బరువు చూడలేదు. ఆమె పేరు అడగాలని తర్వాత తోచింది.

డాక్టరమ్మ బహ్రెయినీయే, యాభై దాటిన మనిషి. ముందు పాపను చూసింది. ఆమె, మామా అరబీలో మాట్లాడుకున్నారు, నాకు సగం అర్థమైంది. తర్వాత నా చేతులు పట్టుకుంది. ఒట్టి చేతులతోనే పట్టుకుంది. రెండున్నర నెలల్లో నా చేతులను ఇంకొక మనిషి ముట్టుకోవడం అదే.

"దీనికి ఏం రాసింది?" అని మామాను అడిగింది.

"ఏమీ లేదు. కొబ్బరినూనె," అంది మామా. నేను తనకు చెప్పింది అదే మరి.

డాక్టరమ్మ నా చేతుల మీది తెల్ల మచ్చలు చూసింది, తర్వాత బుగ్గలు చూసింది. కలం తీసింది. నూనె మాట నిజమనుకుని ఏదో రాయబోతోంది. నిజం చెబితే ట్యూబు బయటపడుతుంది. దాంతోపాటు, ఆ నిజాన్ని అరబీలో చెప్పేంత అరబీ నాకు లేదు కాబట్టి, ఇంగ్లీషు కూడా బయటపడుతుంది. ఏడాదిన్నరగా నా ఎదురుగా వాళ్ళు మాట్లాడుకున్నవన్నీ నేను విన్నానని మామాకు తెలిసిపోతుంది. చెప్పకపోతే ఎంత తప్పు మందు రాస్తుందో నాకు తెలియదు. పాప ఒళ్ళోనే ఉంది, బుగ్గ ఎర్రగా.

"డాక్టర్," అన్నాను ఇంగ్లీషులో. "నేనొక క్రీము రాశాను. మా దేశం నుంచి తెచ్చింది, బలమైనది. రెండు నెలలకు పైగా, రోజుకు నాలుగుసార్లు. మొహానికి కూడా. పాప మూతి తుడిచినప్పుడు ఆమెకు అంటి ఉండొచ్చు."

వ్యాకరణం తప్పు లేకుండా వచ్చింది. మామా నెమ్మదిగా నా వైపు తిరిగింది. గోడ మీద పటం మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూసింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మంచిదైంది చెప్పావు," అని, తర్వాత చాలాసేపు చెప్పింది. నాకు గుర్తున్నంత వరకు ఇది:

ఇది గజ్జి కాదు, తామర కాదు, అంటుకోదు. నీళ్ళు, సబ్బు, బ్లీచు కలిసి చర్మాన్ని తినేస్తే వచ్చిన వాపు, దురద. నేను రాసిన ట్యూబులోని స్టెరాయిడ్ ఆ వాపును అణచిపెట్టింది, దానికి కారణమైన నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. అణచిపెట్టినన్నాళ్ళూ చర్మాన్ని పలచన చేసింది. ప్లాస్టిక్ సంచి దాని బలాన్ని ఇంకా పెంచింది. మొహానికి అది అసలు తగలకూడదు. పాప బుగ్గ చొంగ వల్ల కావచ్చు. నా క్రీము తగిలిందా లేదా అనేది తను చెప్పలేనంది. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది.

తర్వాత మందు రాసింది. తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ క్రీము.

"మళ్ళీ అదేనా?" అన్నాను. ఒళ్ళు కాల్చినదాన్నే తిరిగి ఇస్తోంది.

"ఆ కుటుంబమే. అదే మనిషి కాదు," అంది.

నాకు నేను ఇలా చెప్పుకున్నాను: బజ్జీలో వేసే మిరపకాయా మిరపకాయే, గుంటూరు కాయా మిరపకాయే. నేను రెండు నెలలు గుంటూరు కారం మొహానికి పూసుకుని మిరపకాయలన్నిటినీ తిట్టడం న్యాయం కాదు.

ఆవిడ నా చూపుడువేలు పట్టుకుని, కొస నుంచి మొదటి గీత దాకా క్రీమును ఒక్క చారగా పిండింది. "ఇంతే. ఒక చేతికి రెండు వైపులా ఇది సరిపోతుంది. రెండో చేతికి ఇంకో ఇంత. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎర్రగా ఉన్నచోటే పలచగా రాయి. పగిలి నీరు కారుతున్న చోట వద్దు. పైన ఏమీ కట్టకు. అరగంట ఆగి, చర్మంలో తేమ నిలిపే ఈ తెల్ల గ్రీజు రాయి, ఇది మాత్రం ఎంతైనా, ఎన్నిసార్లైనా. మొహానికి గ్రీజు తప్ప ఏమీ వద్దు. క్రీము రాసిన అరగంట దాకా పాపను ముట్టుకోకు. ఎవరికీ ఇవ్వకు. బాగా పనిచేస్తోందని పెంచకు, భయపడి మానకు. ఎనిమిదో రోజు నాకు చూపించు." కొంచెం ఆగి, "పాత ట్యూబు మానేశావు కాబట్టి ముందు ఎక్కువవుతుంది. కొన్ని వారాలు. అప్పుడే అందరూ దాని దగ్గరికి తిరిగి వెళతారు," అంది.

తిరిగొచ్చేటప్పుడు మామా సగం దారి దాకా పాప గుడ్డ సర్దుతూ కూర్చుంది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది.

"ఎంతవరకు చదివావు?"

"డిగ్రీ మామా."

"అయితే నీ వంట గురించి నేను మా అక్కతో ఫోన్లో అన్నవి..."

"విన్నాను. చాలావరకు సబబే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్విందో లేదో తెలియదు. ఇల్లు చేరాక చెప్పింది, ఈసారి నా కళ్ళలోకి చూసి: "ఈద్ సెలవుల తర్వాత శనివారం నుంచి నేను స్కూలుకి వెళ్ళాలి. పాపను చూసుకునే మనిషి కావాలి. అప్పటికి నీ చేతులు నాకు నమ్మకంగా కనిపిస్తే నువ్వు ఉంటావు. లేకపోతే ఆఫీసు నుంచి ఇంకొకరు వస్తారు, నువ్వు వెళతావు. అంతవరకు పాపను ముట్టుకోవద్దు."

మామా టీచరు, కాన్పు సెలవులో ఉంది. శనివారానికి పదహారు రోజులుంది.

పదహారు రోజులు

డాక్టరమ్మ మాట పొల్లుపోలేదు. నాలుగో రోజుకు మొహం భగ్గుమంది. కళ్ళ కింద వాచి, మూతి చుట్టూ ఎర్రగా కురుపులు. చేతులు ఎంత ఎర్రగా ఉండేవంటే, పక్కింటి పనిమనిషి చూసి "నిప్పుల్లో పెట్టావా?" అని అడిగింది. ఇంకా పెట్టలేదన్నాను. దురద పగలు ఓర్చుకున్నాను. నిద్రలో గోకకుండా చేతులకు గాలి ఆడే నూలు గ్లోవ్స్ తొడుక్కున్నాను. క్రీము రాసేటప్పుడు ప్రతిసారీ భయమే: ఈ చిన్న చార ఈ మంటకు ఏం సరిపోతుంది, ఇంకొంచెం వేస్తే? లేదా, ఇదే చేస్తోందేమో, మానేస్తే? రెండు భయాలూ ఒకే వేలి మీద కూర్చునేవి. గీత దాకా పిండి మూత పెట్టేసేదాన్ని.

గిన్నెలకు నూలు గ్లోవ్స్ పైన రబ్బరు గ్లోవ్స్. బ్లీచు బకెట్‌ను మామా తీసి బయట పెట్టింది. పాప ఏడిస్తే నేను వంటింటి గుమ్మంలో నిలబడి, అటు నుంచి పాట పాడేదాన్ని. పాప పాటను పట్టించుకునేది కాదు.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ చూసింది. పగుళ్ళు మూస్తున్నాయంది. ఇంకో పది రోజులు, రోజుకు ఒక్కసారే అంది. మొత్తం మామూలు కావడానికి ఎంత పడుతుందని అడిగాను.

"ఐదారు వారాలు పట్టొచ్చు."

"నాకు శనివారం దాకానే ఉంది డాక్టర్."

"చర్మానికి ఆ సంగతి తెలియదు," అంది.

ఆ శుక్రవారం మా ఆయన అరుగు మీద నా మొహం వంగి చూశాడు. తర్వాత జేబులోంచి కొత్త ట్యూబు తీశాడు. అదే రకం.

"క్యాంపులో ఒకడి దగ్గర తీసుకున్నాను. మంగళవారం నుంచి రాయి. శనివారానికి తెల్లగా అయిపోతాయి. ఆవిడ చూస్తుంది, ఉంచుకుంటుంది. తర్వాత మానేసి నీ డాక్టరమ్మ చెప్పింది చేసుకో."

"తర్వాత మానలేకే ఇక్కడ కూర్చున్నానండి."

"నువ్వు వెళ్ళిపోతే?"

"వెళ్ళిపోతే మీకు శుక్రవారం నిద్రపోవడానికి రెండు గంటలు కలిసొస్తాయి."

"ప్రతిదానికీ నవ్వులాటేనా? చదువుకున్నావు కదా, బుర్రకెక్కదేమే? మూడేళ్ళు, పద్మా. మూడేళ్ళు నేను ఆ క్యాంపులో గోడ చూస్తూ పడుకున్నాను. మళ్ళీ నా వల్ల కాదు."

ఆయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. షాపు ముందు నిలబడ్డ ఇద్దరు మా వైపు చూశారు. బస్సొచ్చింది. ఆయన ట్యూబును నా సంచిలో పెట్టి, వెనక్కి చూడకుండా ఎక్కాడు. ఆయన తప్పేమీ చెప్పలేదు. రాస్తే శనివారానికి చేతులు తెల్లబడతాయి. అదే నన్ను తినేసింది.

మంగళవారం రాయలేదు. బుధవారం పాలసీసాలు ఆరబెట్టాక నా గదిలో తలుపేసుకుని మూత తీశాను. సీలు పొడిచాను. వేలంతా పొడవునా పిండాను, డాక్టరమ్మ గీతను దాటించి, అరచేయి దాకా. కిటికీ పక్కన చిన్న అద్దం ఉంది. అందులో నా మొహం కనిపించింది. శనివారం గురించి ఆలోచించాను. తెల్లటి చేతులు, మామా తలూపడం, పాప నా చేతికి రావడం. శనివారం తర్వాత ఆదివారం కూడా వస్తుంది. ఎకనామిక్స్‌లో దాన్ని దీర్ఘకాలం అంటారు, పరీక్షలో నేను ఎప్పుడూ వదిలేసే ప్రశ్న. ఆదివారం నుంచి, క్రీము పూసిన చేతులతో, రోజంతా పాపను ఎత్తుకోవాలి.

పాతగుడ్డతో వేలు తుడుచుకుని, చేతులు కడుక్కుని, చన్నీళ్ళే అయినా మంట పుట్టి, చాలాసేపు ఏడ్చాను. నా విషయంలో అంత పొడుగు ఏడుపు అరుదు.

శనివారం

పొద్దున మామా నల్లటి అబాయా వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని, పాపను ఎత్తుకుని హాల్లో నిలబడింది. నేను కాసేపటి ముందే చేతులకు క్రీము రాసుకున్నాను. యూసుఫ్ భాయ్ బయట కారు తీస్తున్నాడు.

"చూపించు," అంది.

చూపించాను. వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసింది. పగుళ్ళు లేవు. పొక్కులు లేవు. ఎరుపు ఉంది, పొట్టు ఉంది, తెల్ల మచ్చలు అలాగే ఉన్నాయి.

"ఇంకా ఎర్రగానే ఉన్నాయి బద్మా."

"ఉన్నాయి మామా. ఇంకో మూడు నాలుగు వారాలు ఉంటాయి. కావాలంటే ఈ రోజు మీకు తెల్లటి చేతులు చూపించగలిగేదాన్ని." ఆప్రాన్ జేబులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాను. "దీంతో. మళ్ళీ తెప్పించుకున్నాను, బుధవారం మూత తీశాను. రాయలేదు. రాసి ఉంటే మీకు తెలిసేది కాదు."

ఎందుకు చెప్పానో నాకు తెలియదు. అబద్ధాలు ఆడటంలో ఏడాదిన్నర అనుభవం ఉన్నదాన్ని. బహుశా ఓపిక అయిపోయింది.

మామా ట్యూబు తీసి అటూ ఇటూ చదివింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "మొహాన్ని నిజంగా తెల్లబరుస్తుందా?"

నేను కిటికీ వైపు మొహం తిప్పి, వెలుతురులో నిలబడ్డాను. నా బుగ్గల్ని ఆమె బాగా దగ్గరికొచ్చి చూసింది. వచ్చేటప్పుడు ఆగలేదు, వెనక్కి అడుగు వేయలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. చెత్తబుట్ట మూత పడిన చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చి, "తీసుకో," అని పాపను నా వైపు చాచింది.

పాప రెండు చేతులూ ముందుకు పెట్టింది. నా చేతులు వాటంతట అవే లేచాయి. లేచాక గోడ గడియారం చూశాను.

"ఇంకో పావుగంట మామా," అన్నాను. "రాసి పదిహేను నిమిషాలే అయింది."

ఆమె కూడా గడియారం చూసింది. స్కూలు మొదటి గంట ఎన్నింటికో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బయట యూసుఫ్ భాయ్ హారన్ కొట్టాడు. మామా సంచి భుజానికి ఉండగానే, పాపను ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. నేను ఎదురుగా, చేతులు గాలిలో పెట్టుకుని కూర్చున్నాను. రెండోసారి హారన్ కొట్టినప్పుడు కూడా ఆమె లేవలేదు.